రాగి సంగటిలో రాగి ఎంత.. బియ్యం ఎంత? కడప ముద్దలోకి మళ్లీ కొర్ర, జొన్న నూకలు వేస్తే ఇలా..

కడప జిల్లాలో షుగర్ ఉందని రిపోర్ట్ వచ్చిందంటే ఇంట్లో ముందు మారేది రాత్రి భోజనం. అన్నం గిన్నె పక్కకు పోయి సంగటి తపేలా పొయ్యి ఎక్కుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల.. ఎక్కడ చూసినా ఇదే వరస. అన్నం మానేశాం, సంగటే తింటున్నాం అని ధీమా. మరి మూడు నెలల తర్వాత టెస్ట్ చేయిస్తే నంబర్ అనుకున్నంత తగ్గకపోతే? చాలామందికి అర్థం కాని చిక్కు ఇదే. తప్పు రాగిది కాదు. ఆ ముద్దలో రాగి ఎంత, బియ్యం ఎంత అన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు చాలా ఇళ్లలో సంగటి అంటే మెత్తగా ఉడికించిన బియ్యంలో కాస్త రాగి పిండి కలిపి గెలికిన ముద్ద. రంగు రాగిదే, కడుపులోకి వెళ్లేది మాత్రం ఎక్కువగా వరి. హోటళ్లలో అయితే ముద్ద మెత్తగా, నున్నగా రావాలి కాబట్టి బియ్యం ఇంకాస్త పెరుగుతుంది. రంగు చూస్తేనే తెలిసిపోతుంది. రాగి ఎక్కువున్న ముద్ద ముదురు గోధుమ రంగులో ఉంటుంది. లేత రంగులో ఉండి, మధ్యలో తెల్ల మెతుకులు కనిపిస్తుంటే అది సగానికి పైగా అన్నమే అనుకోవచ్చు.

గ్లాసు కొలతతోనే చిక్కు

గ్లాసుకు గ్లాసు వేస్తున్నాం, సగం సగమే కదా అంటారు. ఇక్కడే లెక్క తప్పుతుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండా బియ్యం పోస్తే సుమారు 160 నుంచి 170 గ్రాములు తూగుతాయి. అదే గ్లాసు నిండా రాగి పిండి పోస్తే 110 నుంచి 120 గ్రాములే. పిండి తేలిక, గింజ బరువు. అంటే గ్లాసుకు గ్లాసు వేసినా ముద్దలో దాదాపు అరవై శాతం బియ్యమే. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పిండి వేసే ఇళ్లలో అయితే నాలుగింట మూడు వంతులు బియ్యమే తింటున్నట్టు!

తేడా ఎంతో చూడాలంటే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలు చాలు. 100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములకు పైనే ఉంటుంది. పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. కాల్షియం రాగుల్లో 364 మిల్లీగ్రాములు, బియ్యంలో 8 మిల్లీగ్రాముల లోపే. ఇనుము రాగుల్లో 4.6 మిల్లీగ్రాములు, బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు.

ఈ అంకెలతో లెక్క కడితే, గ్లాసుకు గ్లాసు వేసి చేసిన సంగటిలో ప్రతి 100 గ్రాముల పొడి సరుకుకు పీచు 6 గ్రాములు, కాల్షియం సుమారు 150 మిల్లీగ్రాములు వస్తాయి. అదే బియ్యం పూర్తిగా తీసేసి, మూడింట రెండు వంతులు రాగి పిండి, ఒక వంతు జొన్న నూకలు వేస్తే పీచు దాదాపు 11 గ్రాములు, కాల్షియం 250 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. పొయ్యి అదే, తెడ్డు అదే, పులుసు అదే. మారేది గ్లాసులో పోసే గింజ ఒక్కటే.

అయితే ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కాలరీల్లో రాగికి, బియ్యానికి పెద్ద తేడా లేదు. 100 గ్రాములకు రాగి 320, బియ్యం 356. ప్రోటీన్‌లో అయితే బియ్యమే కొంచెం ఎక్కువ.. రాగుల్లో 7.2 గ్రాములు, బియ్యంలో 7.9. రాగి అంటే ఎంత తిన్నా ఏమీ కాదనుకునేవాళ్లు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి.

ముద్దలోకి వరి ఎట్లా వచ్చింది?

వెనకటి రోజుల్లో రాయలసీమ మెట్ట ఊళ్లలో వరన్నం పండగకో, చుట్టాలొస్తేనో వండేవాళ్లు. మిగతా రోజుల్లో జొన్న, కొర్ర, సజ్జ, రాగి.. నేల ఏది ఇస్తే అది. ముద్ద గట్టిపడటానికి నూకలు కావాలి కాబట్టి కొర్ర నూకలో, జొన్న నూకలో ఎసట్లో పడేవి. వరి నూకలు ఉన్న ఇంట్లో అవే.

ఈ మూడు ఊళ్ల నేలలు కూడా ఒకటి కాదు. 1860ల్లో తవ్వించిన కర్నూలు - కడప కాలువ, అదే కేసీ కెనాల్, కింద ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు వరి మడులు పెరిగాయి. జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి.. జొన్న, శనగ, పత్తి పండే నేల. పత్తి సాళ్ల మధ్య కొర్ర వేయడం సీమ రేగడి నేలల్లో పాత పద్ధతి. పులివెందుల వైపు వేరుశనగ, ఆ తర్వాత బోర్లు పడ్డాక చీనీ, అరటి తోటలు. పొలంలో డబ్బు పంట వచ్చాక తిండి గింజ అంగడి నుంచి రావడం మొదలైంది.

అంగడికి వెళ్లే పని కూడా రేషన్ షాపు తగ్గించింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకే ఇచ్చింది. కరువు సీమలో అది చాలా ఇళ్లకు ఆకలి తీర్చిన పథకం, అందులో అనుమానం లేదు. కానీ అప్పటిదాకా పండక్కి కనిపించిన తెల్లన్నం రోజూ కంచంలోకి వచ్చేసింది. ఇప్పుడు రేషన్ బియ్యం ఉచితం. ఉచితంగా వచ్చే బియ్యం ఇంట్లో పెట్టుకుని కొర్రలు డబ్బు పెట్టి కొనమంటే ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. సంగటిలో బియ్యం పెరగడానికి రుచి కంటే ఈ లెక్కే పెద్ద కారణం.

విచిత్రం ఏంటంటే, కొర్రలు, సామలు, అరికలు తినమని దేశమంతా తిరిగి చెబుతున్న ఖాదర్ వలి పుట్టింది ప్రొద్దుటూరులోనే. అమెరికా నుంచి తిరిగొచ్చి మైసూరులో స్థిరపడిన ఈ శాస్త్రవేత్తకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా ఆ ఏడాదినే. కొర్ర, అండుకొర్ర, సామ, ఊద, అరిక.. ఈ ఐదింటినీ ఆయన సిరిధాన్యాలు అంటారు. రాగి, జొన్న, సజ్జలను తటస్థ ధాన్యాల లెక్కలో వేస్తారు. ధాన్యం మారిస్తే జబ్బులు పోతాయన్న మాటను డాక్టర్లందరూ ఒప్పుకోరు. కానీ పాలిష్ బియ్యం తగ్గించి పొట్టు ఉన్న గింజ పెంచాలన్న దగ్గర పెద్దగా గొడవ లేదు.

బియ్యం లేని సంగటి.. చేసే పద్ధతి

నలుగురికి సరిపోవాలంటే ఒకటిన్నర గ్లాసుల రాగి పిండి, అర గ్లాసు కొర్ర బియ్యం, నాలుగున్నర నుంచి ఐదు గ్లాసుల నీళ్లు, తగినంత ఉప్పు. ఇంతే సరుకు. కష్టమంతా నానబెట్టడంలో, గెలకడంలో ఉంది.

కొర్రలను రెండు మూడుసార్లు కడిగి కనీసం ఆరు గంటలు నానబెట్టాలి. రాత్రికి సంగటి అనుకుంటే పొద్దున టిఫిన్ వేళకే నీళ్లలో వేసేస్తే సరిపోతుంది. నానకుండా వండితే గింజ పైన ఉడికి లోపల పలుకుగా ఉండిపోతుంది. ముద్దలో ఇసుక తగిలినట్టు ఉంటుంది. చాలామంది ఒకసారి చేసి మళ్లీ చేయకపోవడానికి కారణం ఇదే.

నానిన కొర్రలను మొత్తం నీళ్లలో వేసి, ఉప్పు వేసి, మందపాటి అడుగున్న గిన్నెలో ఉడికించాలి. అన్నంలా విడివిడిగా కాదు, మెతుకు నలిపితే వెన్నలా నలగాలి. ఇరవై ఐదు నిమిషాల దాకా పడుతుంది. కుక్కర్ అయితే మూడు నాలుగు విజిల్స్.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. బియ్యంలో ఉండే జిగట కొర్రలో ఉండదు. అందుకే నేరుగా పిండి పోసి గెలికితే ముద్ద విరిగిపోతుంది. దానికి విరుగుడు.. రెండు చెంచాల రాగి పిండిని చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, ఉడుకుతున్న ఎసట్లో ముందుగా పోయాలి. రెండు నిమిషాల్లో ఎసరు పలచని జావలా చిక్కబడుతుంది. ఆ జావే తర్వాత జిగురులా పట్టి ఉంచుతుంది. కర్ణాటకలో బియ్యం లేకుండా రాగి ముద్ద చేసేవాళ్లు వాడే ఉపాయం ఇది.

తర్వాత మిగతా పిండిని గిన్నె మధ్యలో గుట్టగా పోయాలి. కలపకూడదు. తెడ్డు కాడతో గుట్ట మధ్యలో ఒక గుంట చేస్తే అడుగు నుంచి ఎసరు పైకి పొంగి పిండిని ఆవిరితో ఉడికిస్తుంది. మంట బాగా తగ్గించి, మూత పెట్టి ఎనిమిది నుంచి పది నిమిషాలు వదిలేయాలి. తొందరపడి ముందే గెలికితే పిండి ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

ఇక గెలకడం. గిన్నెను దించి, రెండు కాళ్ల మధ్యనో, గుడ్డ చుట్టిన కుదురు మీదనో కదలకుండా పెట్టి, కట్టె తెడ్డుతో అడుగు నుంచి పైకి బలంగా తిప్పాలి. చేయి నొప్పి పుడుతుంది, పుట్టాలి కూడా! ఐదు నిమిషాలు తిప్పాక మళ్లీ సన్న మంట మీద మూత పెట్టి నాలుగైదు నిమిషాలు మగ్గనివ్వాలి. తడి చేత్తో తాకి చూస్తే వేలికి అంటుకోకూడదు. అంటుకుంటే ఇంకా ఉడకాలి. పొడిగా ఉండి చిట్లుతుంటే పావు గ్లాసు వేడి నీళ్లు చల్లి మళ్లీ తిప్పితే సరి. చల్లని నీళ్లు పోస్తే ముద్ద పాడవుతుంది.

జమ్మలమడుగు వైపు ఇళ్లలోలాగా జొన్న నూకలతో చేయాలంటే కొర్రల బదులు అర గ్లాసు జొన్న రవ్వ. జొన్నలు కడిగి బాగా ఆరబెట్టి, మరలో రవ్వలా ఆడించి జల్లిస్తే పిండి వేరుగా వస్తుంది. ఆ పిండి రొట్టెకు పనికొస్తుంది, కాబట్టి వృథా లేదు. జొన్న నూకలు కొర్ర కంటే మొండివి. రాత్రంతా నానాలి, కుక్కర్‌లో ఐదారు విజిల్స్ కావాలి. రుచిలో కొర్ర ముద్ద మెత్తన, జొన్న ముద్ద కాస్త బిరుసు. పళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు జొన్న, పెద్దవాళ్లకు కొర్ర అనుకుంటే సరిపోతుంది.

పిండి కొనేటప్పుడు, పట్టించేటప్పుడు..

రాగి గింజకు పైపొర గట్టిగా అతుక్కుని ఉంటుంది. బియ్యంలాగా సులువుగా పాలిష్ పట్టలేం. అందుకే రాగులు కొని, కడిగి ఆరబెట్టి, మరపట్టించుకుంటే వచ్చేది పూర్తి గింజ పిండే. పాడు చేసేది ఆ తర్వాత. ముద్ద నున్నగా రావాలని సన్న జల్లెడ పట్టి పొట్టంతా పారేస్తారు. పీచు, కాల్షియం ఎక్కువ ఉండేది ఆ పొట్టులోనే. రాళ్లు, పుల్లలు గింజగా ఉన్నప్పుడే ఏరుకుంటే తర్వాత జల్లించే పనే ఉండదు. మరీ మెత్తగా కాకుండా కాస్త ముతకగా ఆడించమంటే ఇంకా మంచిది. మెత్తటి పిండి తొందరగా అరిగి చక్కెరను తొందరగా పెంచుతుంది.

మొలకెత్తించిన రాగుల పిండి ఇంకా మేలు కదా అని కొందరు దానితో సంగటి పెడతారు. అది జావకు బాగుంటుంది, సంగటికి కాదు. మొలక వచ్చినప్పుడు గింజలో పిండి పదార్థం విరగడం మొదలవుతుంది. ఎంత గెలికినా ముద్ద గట్టిపడదు, జారుగానే ఉంటుంది.

కొర్ర బియ్యం కొనేటప్పుడు మెరిసే తెలుపు కంటే కాస్త మసకగా, పసుపు పచ్చగా ఉన్నవి చూసుకోవాలి. తెల్లగా తళతళలాడుతుంటే దానికీ పాలిష్ పట్టారని అర్థం. అలా అయితే బియ్యం తీసేసి ఇంకో బియ్యం వేసినట్టే! తవుడు పొర ఉన్న కొర్రలో నూనె శాతం ఉంటుంది కాబట్టి ఎక్కువ రోజులు నిల్వ ఉండదు, మక్కిన వాసన వస్తుంది. ఒక నెలకు సరిపడా తెచ్చుకోవడమే మేలు. కొర్రల సాగు మళ్లీ పెరగడానికి నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన సూర్యనంది లాంటి రకాలు కూడా పనికొచ్చాయి. పక్క జిల్లాలోనే పండే గింజ ఇది, ఎక్కడి నుంచో రావాల్సిన పని లేదు.

మరి ఖర్చు భరించలేని ఇంట్లో? బియ్యం పూర్తిగా మానేయాల్సిన అవసరం లేదు. గ్లాసుకు గ్లాసు బదులు, పావు గ్లాసు బియ్యం నూకలకు ఒకటిన్నర గ్లాసుల రాగి పిండి వేస్తే చాలు. ముద్ద కట్టుకోవడానికి ఆ కొంచెం సరిపోతుంది. కొర్రలు కొనకుండానే సగానికి పైగా మార్పు వచ్చేసినట్టే.

ముద్ద ఎంత? పక్కన ఏంటి?

ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా చేయించిన సర్వే ఫలితాలు 2023లో లాన్సెట్ జర్నల్‌లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా డయాబెటిస్‌తో ఉన్నారని అందులో తేలింది. వాళ్లలో సంగటి తినేవాళ్లు అడగాల్సిన రెండో ప్రశ్న.. ముద్ద సైజు.

పొలం పని చేసి వచ్చిన మనిషికి రెండు పెద్ద ముద్దలు సరిపోయేవి, అరిగేవి. రోజంతా అంగట్లో కూర్చుని, బండి మీద ఇంటికొచ్చే మనిషికి అదే ముద్ద పెడితే లెక్క మారుతుంది. పైగా సంగటిని నమలరు, పులుసులో అద్దుకుని మింగేస్తారు. కడుపు నిండిందని తెలిసేలోపే రెండోది కంచంలో ఉంటుంది. అందుకే పిడికెడంత ముద్ద ఒకటి, దానికి సమానంగా ఆకుకూర లేదా కూరగాయ, ఇంకొంచెం పప్పు.. ఈ వరసలో పెట్టుకుంటే మంచిది.

రాగిలో ప్రోటీన్ తక్కువ అన్నాం కదా. సీమ ఇళ్లలో దానికి జవాబు ఎప్పటినుంచో ఉంది. నాటుకోడి పులుసు పేరు ఎక్కువ వినిపిస్తుంది గానీ రోజువారీ జత మాత్రం పప్పు, పుల్లగూర, ఊరిబిండి. పులివెందుల వైపు శనక్కాయలు దోరగా వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ వేసి రోట్లో దంచిన ఊరిబిండి ఉంటే ఇంకేం అడగరు. దీంట్లో ప్రోటీన్ బాగానే ఉంటుంది. నూనె కూడా బాగానే ఉంటుంది కాబట్టి రెండు చెంచాల దగ్గర ఆపాలి. చుక్కకూర, గోంగూర లాంటి పుల్లటి ఆకుతో పుల్లగూర ఉంటే రాగిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ లాభం సగం పోతుంది.

బియ్యం సంగటికి అలవాటుపడినవాళ్లు ఒక్కరోజులో మారితే కడుపుబ్బరం, గ్యాస్ రావచ్చు. పీచు ఒక్కసారిగా పెరగడం వల్ల వచ్చేదే. మొదటి వారం బియ్యంలో సగం తగ్గించి, తర్వాత వారం ఇంకొంచెం తగ్గిస్తూ రావాలి. నీళ్లు ఎక్కువ తాగాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండిలో పెద్ద మార్పు చేసే ముందు డాక్టర్‌కు చెప్పాలి. పిండి పదార్థం ఒక్కసారిగా తగ్గి, మందు డోసు పాతదే ఉంటే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు కూడా రాగి ఎంత తినాలో అడిగే తినాలి. సంగటి మందు కాదు, మందుల బదులు వాడేది అంతకన్నా కాదు.

పిల్లలు ముదురు రంగు చూసి మొహం తిప్పుకుంటారని తల్లులు బియ్యం కలపడం మామూలే. అయితే 2023 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు బెల్లంతో రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. జావ తాగిన నోటికి రాగి కొత్త కాదు. చిన్న ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, చెంచా నెయ్యి వేసి పప్పుతో పెడితే తినేస్తారు.

మిగిలిన ముద్దను పారేయొద్దు. రాత్రి మిగిలిన సంగటిని గిన్నెలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున చేత్తో నలిపి, మజ్జిగ, ఉప్పు కలిపి, ఎర్రగడ్డ.. అదే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే అదే సద్ది. ఉడికి చల్లారిన పిండి పదార్థంలో కొంత భాగం తొందరగా అరగకుండా మారుతుంది కాబట్టి వేడి ముద్ద కంటే ఇది చక్కెరను కాస్త నెమ్మదిగా పెంచుతుంది. ఎండాకాలంలో అయితే ఎక్కువసేపు బయట ఉంచకుండా పొద్దున్నే తినేయాలి, లేదంటే మరీ పులిసిపోతుంది. బియ్యం ఎక్కువున్న ముద్ద తెల్లారేసరికి జిగటగా సాగుతుంది. కొర్ర, రాగి ముద్ద మాత్రం మజ్జిగలో ఇట్టే విరిగి కలిసిపోతుంది.